రైఫిల్‌తో బాగానే వస్తోంది, పిస్టల్ పడితే షాట్లన్నీ ఎడమ కిందికే. లోపం ఎక్కడ?

హైదరాబాద్_కొత్తషూటర్
గచ్చిబౌలి వైపు ఒక రేంజ్‌లో షూటింగ్ నేర్చుకుంటున్నాను. 10 మీటర్ల ఎయిర్ రైఫిల్‌తో మొదలుపెట్టాను. గన్ క్లబ్‌దే, జాకెట్ కూడా క్లబ్‌దే. పది షాట్ల సిరీస్‌కి దశాంశాలతో కలిపి 97, 98 వస్తోంది. కొత్తవాడికి ఫర్వాలేదన్నారు. తర్వాత ఎయిర్ పిస్టల్ పట్టాను. అక్కడ సిరీస్ 82 దాటితే గొప్ప. ఈమధ్య 25 మీటర్ల రేంజ్‌లో అసలు తూటా పేల్చే .22 పిస్టల్ ఇచ్చారు. అది మరీ ఘోరం. షాట్లన్నీ ఎడమవైపు కిందికి వెళ్ళి గుంపు కడుతున్నాయి. నాది కుడిచేతి వాటం.

గన్ మీద గురి చూసుకునే సైట్‌ని నాలుగు క్లిక్కులు పైకి, నాలుగు కుడికి తిప్పుకుంటానంటే కోచ్ ఒప్పుకోవడం లేదు. మా ఫ్రెండ్ ఏమో క్లబ్ గన్ అందరి చేతుల్లో నలిగిపోయి ఉంటుంది, సొంత పిస్టల్ కొనుక్కో అంటున్నాడు. మనిషిని ఒక్కణ్ణే, కళ్ళూ చేతులూ అవే. గన్ మారితే ఇంత తేడా ఎందుకు? ముందు దేన్ని సరిచేసుకోవాలి?

ఒంటిచేయి
సైట్ ముట్టుకోవద్దు. మీ కోచ్ మాట వినండి.

కుడిచేతి వాళ్ళకి ఎడమ కింద గుంపు వస్తోందంటే చాలావరకు తేడా ట్రిగ్గర్ దగ్గరే. "పది మీదకి వచ్చింది, కొట్టెయ్" అనిపించగానే వేలొక్కటే కదలాల్సింది పోయి పిడికిలంతా బిగుసుకుంటుంది, మణికట్టు కిందికి వంగుతుంది. దానికి తగ్గట్టు సైట్ తిప్పేశారనుకోండి, రేపు మీరు చక్కగా నొక్కిన షాట్ కుడి పైకి పోతుంది. బాగా కొట్టిన షాటుకే శిక్ష పడుతుంది.

బెజవాడ_శిస్త్
ఎన్‌సీసీలో మాకు మొదట చెప్పింది ఇదే. .22 రైఫిల్, బోర్లా పడుకుని ఐదు రౌండ్లు. మధ్యలో తగిలిందా లేదా అని నేర్పించే ఉస్తాద్ చూసేవారే కాదు. ఐదు రంధ్రాలూ ఎంత దగ్గరగా ఉన్నాయో చూసేవారు. గ్రూప్ ఎడమ కింద ఉన్నా చిన్నగా ఉంటే శభాష్ అనేవారు. శిస్త్ (గురి) ప్రతిసారీ ఒకేలా తీసుకుంటున్నావు, మిగతాది నేను చూసుకుంటా అనేవారు.

కాబట్టి తమ్ముడూ, నీ గుంపు ఎంత పెద్దది? అరచేతి అంతా, పళ్ళెం అంతా?

హైదరాబాద్_కొత్తషూటర్
ఎయిర్ పిస్టల్‌తో అయితే టార్గెట్ మధ్య నల్లటి భాగం అంత. .22తో అంతకన్నా చాలా పెద్దది, పైగా ఒకటీ అరా ఇంకా దూరంగా పోతాయి.

బెజవాడ_శిస్త్
అయితే క్లిక్కుల సంగతి ఇప్పుడు అనవసరం. ముందు గుంపు చిన్నదవ్వాలి.

ఒంటిచేయి
గన్ మారితే ఎందుకింత తేడా అన్నదానికి లెక్కతోనే జవాబు దొరుకుతుంది.

ఎయిర్ పిస్టల్‌లో వెనక సైట్‌కీ ముందు సైట్‌కీ మధ్య దూరం సుమారు 35 సెంటీమీటర్లు. వెనక సైట్ గాడిలో ముందు సైట్ ఒక్క మిల్లీమీటరు పక్కకి జరిగిందనుకోండి. 10 మీటర్ల దూరంలో అది 28 మిల్లీమీటర్లు దాటుతుంది. పిస్టల్ టార్గెట్‌లో ఒక్కో వలయం వెడల్పు 8 మిల్లీమీటర్లు. అంటే పది రావాల్సిన చోట ఏడు. అదే సైట్లు రెండూ సరిగ్గా కుదిరి ఉండి, చేయి మొత్తంగా 5 మిల్లీమీటర్లు పక్కకి ఊగితే షాట్ కూడా 5 మిల్లీమీటర్లే తప్పుతుంది. అప్పటికీ అది పదే.

ఊగడం తప్పు కాదు. అందరి చేయీ ఊగుతుంది. కొత్తవాళ్ళు ఆ ఊగడం చూసి భయపడి, పది మీదకి వచ్చిన క్షణంలో లాగేస్తారు. ఆ లాగడంలో సైట్లు విడిపోతాయి. 80లలో ఆగిపోయేది అక్కడే.

రైఫిల్‌లో రెండు చేతులు, భుజం, చెంప, గట్టి జాకెట్ ఉంటాయి. సైట్ల మధ్య దూరం కూడా రెట్టింపు పైనే. అక్కడ మీ ట్రిగ్గర్ లోపం దాక్కుంది. పిస్టల్ దాన్ని బయటపెట్టింది.

షూటర్_అమ్మ
మా అమ్మాయి జూనియర్స్‌లో ఎయిర్ పిస్టల్ కొడుతుంది. నేను నర్సుని. ట్రిగ్గర్ ఎలా నొక్కాలో కోచ్ చెబుతుంటే తనకి ఎంతకీ అర్థం కాలేదు. సిరంజిలో మందు ఎలా ఎక్కిస్తామో ఇంట్లో చూపించాను. మొదలుపెట్టాక ఆగకూడదు, చివర్లో తోయకూడదు. తనకి అది బాగా పట్టుకుంది.

తన కోచ్ మొదట టార్గెట్ తీసేసి ఖాళీ తెల్ల కాగితం పెట్టారు. కొట్టడానికి పది లేకపోతే తొందర ఉండదు కదా. ముందు సైట్‌ని చూస్తూ నొక్కడమే పని. గుంపు దానంతట అదే దగ్గరపడింది. ఆ తర్వాతే నల్లచుక్క ఉన్న టార్గెట్ పెట్టారు.

మియాపూర్_మెకానిక్
ఇంత థియరీ అవసరమా? పారిస్ ఒలింపిక్స్‌లో టర్కీ ఆయన్ని చూశాం కదా. టీషర్టు, మామూలు కళ్ళజోడు, చేయి జేబులో. సిల్వర్ పట్టుకెళ్ళాడు. సహజంగా వచ్చేవాళ్ళకి వస్తుంది.

రేంజ్_సారు
యూసుఫ్ దికెచ్. ఆయన 2008 బీజింగ్ నుంచి ప్రతి ఒలింపిక్స్‌లోనూ కొట్టాడు, పారిస్ ఐదోది. సహజంగా వచ్చిందని తేల్చేస్తే అన్నేళ్ళ సాధన ఏమైపోవాలి? జేబులో చేయి పెట్టుకోవడం స్టైల్ కోసం కాదు. ఆడని చేయి ఒకచోట కుదురుగా ఉంటే భుజాలు కదలవు. పిస్టల్ వాళ్ళలో ఎక్కువమంది చేయి జేబులోనో బెల్టులోనో పెట్టుకుంటారు. చెవుల్లో ప్లగ్స్ కూడా ఉన్నాయి, ఫొటో మళ్ళీ చూడండి. రైఫిల్ వాళ్ళకి ఉండే జాకెట్ పిస్టల్‌లో అసలు లేదు, కాబట్టి టీషర్టులో రావడం వింతేమీ కాదు.

మియాపూర్_మెకానిక్
సరే సార్, ఆ ఐదు ఒలింపిక్స్ సంగతి తెలియదు. వెనక్కి తీసుకున్నా.

రేంజ్_సారు
అసలు ప్రశ్నకి వద్దాం. .22లో గుంపు ఇంకా ఎందుకు విచ్చుకుందో చెబుతాను.

ఎయిర్ పిస్టల్ ట్రిగ్గర్ బరువు (నొక్కడానికి కావలసిన బలం) నిబంధన ప్రకారం కనీసం 500 గ్రాములు. 25 మీటర్ల పిస్టల్‌కి కనీసం 1000 గ్రాములు. అంటే వేలి మీద బరువు రెట్టింపు. దానికి తోడు చప్పుడు, చేతిలో కుదుపు. పేలబోతోందని మెదడుకి ముందే తెలుసు. అందుకని పేలకముందే చేయి దాన్ని అణచడానికి కిందికి నొక్కుతుంది, కన్ను మూతపడుతుంది. దీన్నే ఫ్లించ్ అంటాం. పేలిన తర్వాత వచ్చే కుదుపులో ఇది కలిసిపోతుంది కాబట్టి కొట్టేవాడికి కనిపించదు.

ఇంకొకటి. గన్ ఎత్తాక ఎంతసేపు పట్టుకుంటున్నావు బాబూ? ఊపిరి కాస్త వదిలి ఆపాక ఆరు నుంచి ఎనిమిది సెకన్లలో షాట్ పోవాలి. పది దాటిందంటే కన్ను అలిసిపోతుంది, ముందు సైట్ మసకేస్తుంది. అప్పుడు దించేయాలి. కొత్తవాళ్ళకి ఇదే కష్టం. ఎత్తాం కాబట్టి కొట్టి తీరాలనుకుంటారు. పోటీలో 60 షాట్లకి గంటా పదిహేను నిమిషాలు ఇస్తున్నారు, దించి మళ్ళీ ఎత్తడానికి బోలెడంత టైముంది.

హైదరాబాద్_కొత్తషూటర్
సార్, నేను దించడం చాలా తక్కువ. వెనక నిలబడి చూసేవాళ్ళు ఏమనుకుంటారో అని టెన్షన్.

రేంజ్_సారు
ఎక్కువసార్లు దించేవాణ్ణి చూస్తే నాకు గౌరవం కలుగుతుంది. పెద్ద ఫైనల్స్‌లో కూడా దించుతారు, గమనించు.

డల్లాస్_రాఘవ
ఇక్కడ టెక్సాస్‌లో ఇండోర్ రేంజ్‌కి కొత్తగా వచ్చే మనవాళ్ళందరిదీ ఇదే కథ. రాగానే 9 ఎంఎం పిస్టల్ అద్దెకి తీసుకుంటారు, షాట్లన్నీ కింద ఎడమకి పోతాయి, గన్ బాగోలేదని కౌంటర్ దగ్గర గొడవ. కౌంటర్‌లో ఉండే కుర్రాడు అదే గన్ తీసుకుని మధ్యలో గుంపు కొట్టి చూపిస్తాడు.

దీనికి ఒక పరీక్ష ఉంది. తూటాలుండే మ్యాగజైన్‌ని వేరేవాళ్ళతో నింపించుకోవాలి. అసలు రౌండ్ల మధ్యలో ఒకటి రెండు డమ్మీ రౌండ్లు (పేలని ఉత్తుత్తి తూటాలు) కలపమనాలి. ఎక్కడున్నాయో మీకు తెలియకూడదు. డమ్మీ వచ్చినప్పుడు చప్పుడు ఉండదు గానీ, మీ చేయి ఏం చేసిందో కళ్ళారా కనిపిస్తుంది. గన్ ముక్కు టక్కున కిందికి వంగుతుంది. ఒక్కసారి చూశాక మనిషికి ఇంకెవరూ చెప్పక్కర్లేదు.

రేంజ్_సారు
మంచి పద్ధతి. అయితే కోచ్ పక్కన ఉన్నప్పుడే. పేలలేదని చటుక్కున గన్ పక్కకి తిప్పి చూడకూడదు. ముక్కు టార్గెట్ వైపే ఉంచి, వేలు ట్రిగ్గర్ బయటికి తీసి, కాసేపు ఆగాలి.

ఎడమకన్ను
ఎవరూ అడగలేదు కాబట్టి నేను అడుగుతున్నా. మీ డామినెంట్ ఐ (చూపులో పైచేయిగా ఉండే కన్ను) ఏది? నాది కుడిచేయి, ఎడమకన్ను. ఎంత ప్రాక్టీస్ చేసినా నిలకడ లేకపోతే క్లబ్‌లో ఒక అక్క పరీక్ష చేసి చెప్పారు. చేతులు రెండూ చాపి వేళ్ళతో చిన్న కంత చేసి, రెండు కళ్ళతో దూరంగా ఉన్న గడియారాన్ని చూడాలి. ఒక్కో కన్నూ మూసి చూస్తే, ఏ కన్ను తెరిచినప్పుడు గడియారం కంతలోనే ఉంటుందో అదే డామినెంట్.

ఒంటిచేయి
మంచి పాయింట్. పిస్టల్‌లో అయితే తల కాస్త తిప్పుకుని సర్దుకోవచ్చు. రైఫిల్‌లోనే ఇబ్బంది, చెంప ఆనించాలి కాబట్టి. అక్కడ భుజం మార్చుకోవడమా, ఆ కన్నుకి అడ్డు పెట్టుకోవడమా అన్నది మొదట్లోనే తేల్చుకోవాలి.

ఎడమకన్ను
నేను ఎడమ భుజానికే మారిపోయా. కొన్నాళ్ళు స్కోరు పడిపోయింది, తర్వాత పాతదాన్ని దాటింది.

బెజవాడ_శిస్త్
మాకు ఒక కన్ను గట్టిగా మూసుకోమనేవారు కదా?

రేంజ్_సారు
గంటసేపు కొట్టాల్సిన ఆటలో అది పనికిరాదు. ఒక కన్ను బిగించి మూస్తే ముఖమంతా బిగుసుకుంటుంది, తెరిచిన కన్ను కూడా సగం మూసుకుంటుంది. రెండూ తెరిచి, గురి చూడని కన్ను ముందు చిన్న తెల్ల అడ్డు పెట్టుకోవాలి. 30 మిల్లీమీటర్ల వెడల్పు వరకు నిబంధనలు ఒప్పుకుంటాయి. నల్లది వద్దు, వెలుతురు రెండు కళ్ళకీ సమానంగా పడాలి.

ట్రాప్_బాబాయ్
మీరంతా మెల్లగా నొక్కు, ఆగు, దించు అంటున్నారు. షాట్‌గన్ దగ్గరికి రండి, ఇవన్నీ తలకిందులు. క్లే (గాల్లోకి విసిరే ప్లేటు) ఎగిరాక ఆగడానికి ఎక్కడుంది? ముందు సైట్ చూడమంటున్నారు కదా, ట్రాప్‌లో (క్లేలని కొట్టే షాట్‌గన్ పోటీ) గన్ చివర ఉన్న పూస వైపు చూశావా, గన్ ఆగిపోతుంది, షాట్ క్లే వెనక్కి పోతుంది. కళ్ళు క్లే మీదే ఉండాలి. గన్ దానంతట అది వస్తుంది. 110 మిల్లీమీటర్ల ప్లేటు, దూరమైపోతూ ఉంటుంది. మన హైదరాబాద్ కుర్రాడు కైనన్ చెనాయ్ హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో ట్రాప్ కాంస్యం కొట్టాడు. కొట్టిన తర్వాత కూడా గన్ ఎలా సాగుతూ ఉంటుందో గమనించండి.

ఒంటిచేయి
బాబాయ్, తలకిందులు కాదు లెండి. కొట్టాక కూడా గన్ సాగాలంటున్నారు కదా, మేం దాన్నే ఫాలో త్రూ అంటున్నాం. పిస్టల్‌లో షాట్ పోయాక కూడా సెకను, రెండు సెకన్లు సైట్లనే చూస్తూ ఉండాలి.

ట్రాప్_బాబాయ్
అది ఒప్పుకుంటా. గన్ చెంపకి ఆనడం కూడా రైఫిల్‌కీ షాట్‌గన్‌కీ ఒకటే. తల ఎత్తితే పోయినట్టే. కానీ ట్రిగ్గర్ విషయంలో నేను తగ్గను. మాది మెల్లగా నొక్కే ఆట కాదు.

ఓరుగల్లు_స్ప్రింగ్
నా కేసు వేరు. ఇంట్లో స్ప్రింగ్ ఎయిర్ రైఫిల్ ఉంది, బ్యారెల్ (గొట్టం) కిందికి వంచి లోడ్ చేసేది. ఎంత గట్టిగా పట్టుకుంటే అంత చెదిరిపోతున్నాయి. బల్ల మీద ఆనించి కొడితే ఇంకా అన్యాయం.

ఒంటిచేయి
గట్టిగా పట్టుకోవడమే సమస్య. దాంట్లో బరువైన పిస్టన్ ముందుకి దూసుకెళ్ళి ఆగుతుంది. పెల్లెట్ (ఎయిర్ గన్‌లో వాడే చిన్న గుండు) బ్యారెల్ దాటకముందే గన్ అటూ ఇటూ కుదుపుతుంది. ఒకసారి గట్టిగా, ఒకసారి వదులుగా పడితే ప్రతిసారీ కుదుపు వేరుగా ఉంటుంది. ముందు చేయి అరచేయి చాపి దాని మీద గన్ ఊరికే ఆనించండి, వేళ్ళతో బిగించొద్దు. భుజానికి కూడా తేలిగ్గా. గట్టి బల్ల మీద నేరుగా పెట్టొద్దు, కింద చేయి ఉండాలి. క్లబ్‌లో ఉండే మ్యాచ్ రైఫిల్ సిలిండర్ గాలితో నడుస్తుంది, ఈ కుదుపు ఉండదు. అందుకే అక్కడి పట్టు ఇక్కడ పనికిరాదు.

ఓరుగల్లు_స్ప్రింగ్
సాయంత్రం ప్రయత్నించా. నిజంగానే సగానికి తగ్గింది గుంపు! ఇంట్లో డ్రై ఫైర్ (ఖాళీగా ట్రిగ్గర్ నొక్కే సాధన) కూడా చేయొచ్చా దీంతో?

ఒంటిచేయి
వద్దు వద్దు. పెల్లెట్ లేకుండా స్ప్రింగ్ గన్ పేలిస్తే పిస్టన్‌కి ఎదురొత్తిడి ఉండదు, వెళ్ళి గట్టిగా గుద్దుకుంటుంది, సీల్ పాడవుతుంది. మ్యాచ్ ఎయిర్ పిస్టల్స్‌కి డ్రై ఫైర్ ఏర్పాటు విడిగా ఉంటుంది, వాటితోనే చేయాలి.

రేంజ్_సారు
.22 కూడా ఖాళీగా నొక్కొద్దు. దాని పిన్ తూటా అంచు మీద కొడుతుంది, తూటా లేకపోతే చాంబర్ (తూటా కూర్చునే చోటు) అంచుకే తగలొచ్చు. డమ్మీ పెట్టుకోవాలి.

పాలకొల్లు_పెల్లెట్
ఎయిర్ గన్‌కి లైసెన్స్ కావాలా వద్దా, ఎవరైనా స్పష్టంగా చెప్పండి.

రేంజ్_సారు
2016 ఆయుధాల నిబంధనల ప్రకారం .177 బోర్ (గొట్టం లోపలి వెడల్పు, అంగుళాల్లో), 20 జౌల్స్ లోపు శక్తి ఉన్న ఎయిర్ గన్‌కి లైసెన్స్ అక్కర్లేదు. .22 తూటా పేల్చేవాటికి తప్పనిసరి. కొత్తవాళ్ళు క్లబ్‌లో కోచ్ ముందు క్లబ్ గన్‌తోనే నేర్చుకోవాలి. లైసెన్స్ అక్కర్లేదు కదా అని మేడ మీద కొట్టడం మాత్రం కూడదు. పెల్లెట్ గోడకి తగిలి ఎటు తిరిగి వస్తుందో తెలియదు.

మియాపూర్_మెకానిక్
మరి సొంత పిస్టల్ సంగతి ఎవరూ తేల్చలేదు. మనవాడి ఫ్రెండ్ కొనమంటున్నాడుగా?

ఒంటిచేయి
ఇప్పుడే వద్దు. విదేశీ మ్యాచ్ పిస్టల్ అంటే లక్ష పైమాటే. ఇప్పుడు కావలసింది గ్రిప్ (పిడి). క్లబ్ పిస్టల్ గ్రిప్ మీ చేతికి పెద్దదో చిన్నదో అయితే ట్రిగ్గర్ మీద వేలు పక్కకి పడుతుంది, నేరుగా వెనక్కి రావాల్సిన ఒత్తిడి గన్‌ని పక్కకి తోస్తుంది. వేలి మొదటి కణుపు మెత్త ట్రిగ్గర్ మధ్యలో పడుతోందా చూసుకోండి. ఆ వేలి మిగతా భాగం గ్రిప్‌కి తగలకుండా కాస్త ఖాళీ ఉండాలి.

షూటర్_అమ్మ
గ్రిప్ విషయం చాలా ముఖ్యం. మా అమ్మాయి చేయి చిన్నది, కోచ్ చిన్న సైజు గ్రిప్ వేసి, ఖాళీల్లో పుట్టీ పెట్టి అరగదీశారు. మా ఇంట్లో ఈషా సింగ్ ఫొటో ఉంటుంది. హైదరాబాద్ అమ్మాయి, 2018లో 13 ఏళ్ళకే సీనియర్స్‌లో నేషనల్ చాంపియన్. ఆసియా క్రీడల్లో నాలుగు పతకాలు, వాటిలో 25 మీటర్ల పిస్టల్‌వి రెండు. ఎయిర్ నుంచి .22కి వెళ్ళడం సాధ్యమే అని మావాళ్ళకి ఆమెను చూపించి చెబుతాం.

హైదరాబాద్_కొత్తషూటర్
డమ్మీ పరీక్ష చేశాను, కోచ్ స్వయంగా నింపారు. రాఘవ గారు చెప్పినట్టే, డమ్మీ వచ్చినప్పుడు గన్ ముక్కు ఎడమ కిందికి స్పష్టంగా వంగింది. కోచ్ ఏమీ అనలేదు, ఇంకోటి నింపారంతే. ఖాళీ తెల్ల కాగితం మీద ఎయిర్ పిస్టల్ కొట్టాను. గుంపు చిన్నదైంది, ఎడమకి వెళ్ళేవి తగ్గాయి. గ్రిప్ కూడా మార్చి చూశారు, ఇప్పుడు వేలు సరిగ్గా పడుతోంది.

ఒక సందేహం. నిలబడ్డాక చేయి ఎత్తితే ఎప్పుడూ టార్గెట్‌కి కొంచెం ఎడమగా వస్తోంది. మణికట్టుతో కుడికి తెచ్చుకుంటున్నాను. అది మామూలేనా?

డల్లాస్_రాఘవ
అదుగో ఇంకో కారణం దొరికింది!

రేంజ్_సారు
మామూలు కాదు. కళ్ళు మూసుకుని చేయి ఎత్తు, రెండుసార్లు ఊపిరి తీసుకుని కళ్ళు తెరువు. గన్ ఎక్కడ ఉంటే అదే నీ ఒంటి సహజమైన దిక్కు. అది ఎడమకి ఉంటే మణికట్టు తిప్పకు. వెనక పాదాన్ని కొద్దిగా జరుపు, మళ్ళీ కళ్ళు మూసి చూసుకో. మణికట్టుతో లాక్కొచ్చావంటే, ట్రిగ్గర్ నొక్కగానే కండరం వదులై గన్ మళ్ళీ ఎడమకే పోతుంది. ప్రతి సిరీస్ ముందూ ఇది చూసుకోవాలి, అలిసిపోతే మారుతూ ఉంటుంది.

బెజవాడ_శిస్త్
పడుకుని కొట్టేటప్పుడు కూడా ఇంతే. రైఫిల్‌ని మోచేతితో లాగొద్దు, పొట్టతో సహా ఒళ్ళంతా జరుపు అనేవారు మా ఉస్తాద్.

ఎడమకన్ను
ఇప్పుడు రైఫిల్ ఆపేస్తావా మరి? నా సలహా, ఆపేయ్. రెండు పడవలు వద్దు. గగన్ నారంగ్ రైఫిల్ పట్టుకుని ఉన్నాడు కాబట్టే 2012లో లండన్ కాంస్యం వచ్చింది.

ట్రాప్_బాబాయ్
నేను ఒప్పుకోను. మొదటి ఏడాది అన్నీ పట్టుకుని చూడాలి. ఏది నీ ఒంటికి నప్పుతుందో లేకపోతే ఎలా తెలుస్తుంది? ఈ కుర్రాడు పిస్టల్ పట్టకపోతే వేలి సంగతి బయటపడేదే కాదు కదా.

షూటర్_అమ్మ
ఇంట్లో చదువు, ఫీజులు, పెల్లెట్ల ఖర్చు కూడా చూసుకోవాలి బాబాయ్ గారూ. అన్నీ పట్టడం అందరికీ కుదరదు. ఇంకోమాట, పెల్లెట్లు సీసంతో చేస్తారు. రేంజ్ నుంచి రాగానే సబ్బుతో చేతులు కడుక్కోకుండా ఏమీ తినొద్దు. పిల్లలకి ఇది ఎవరూ చెప్పరు.

హైదరాబాద్_కొత్తషూటర్
అది నాకూ ఎవరూ చెప్పలేదమ్మా, థాంక్స్. రైఫిల్ ఇప్పుడే వదలాలని లేదు. సార్, మీరేమంటారు?

రేంజ్_సారు
.22 కొన్నాళ్ళు పక్కన పెట్టు. ఎయిర్ పిస్టల్ ప్రధానంగా, రైఫిల్ వారానికోసారి. రోజూ కొట్టే ముందు డ్రై ఫైర్, తర్వాత తెల్ల కాగితం, చివర్లోనే టార్గెట్. ప్రతి షాట్ పోయాక మానిటర్ చూడకముందే ఎక్కడ పడిందో పైకి చెప్పు, పక్కవాణ్ణి రాయమను. నువ్వు చెప్పినదీ తెర మీద ఉన్నదీ కలవడం మొదలయ్యాక .22కి వెళ్ళు. అప్పుడు క్లిక్కులు కూడా తిప్పుకోవచ్చు, మీ కోచ్ అడ్డుచెప్పరు.